మేడలు నడిపే మనిషికి తర్ఫీదు ఏదీ?

పంట చేతికి రాని ఏడాది, అప్పు తీరే దారి కానరాని ఏడాది శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి ఆలుమగలు మూట కట్టుకుని విశాఖకో, హైదరాబాదుకో బయలుదేరడం కొత్త సంగతి కాదు. వెళ్ళినవారిలో కొందరు కట్టుబడి పనిలో కుదురుకుంటారు. కొందరు అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌గా చేరతారు. మెట్ల కింద ఒక గది, నెలకింత జీతం, భార్యకు నాలుగు ఫ్లాట్లలో అంట్ల పని. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మావాడు గేటు కాడ కాపలా ఉంటున్నాడు" అని చెబుతారు.

నిజానికి అతడు చేసేది కాపలా ఒక్కటే కాదు. తెల్లవారుజామున లేచి మోటారు వేయాలి. కుళాయి నీళ్ళు వచ్చే వేళకు సంపు నింపాలి. కరెంటు పోతే జనరేటరు వేయాలి. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివారిని బయటికి తీయాలి. నీళ్ళ ట్యాంకరును పిలవాలి, ప్లంబరును పిలవాలి, చెత్త పంపించాలి, ఇంటింటికీ తిరిగి నెలవారీ చందా వసూలు చేయాలి. అంటే యాభై అరవై కుటుంబాలు కాపురముండే మేడను రోజూ నడుపుతున్నది అతడే. పని మేనేజరుది, పేరు కాపలాదారుది, జీతం అంతకన్నా తక్కువది.

ఇంత పని చేసే మనిషికి ఆ పని ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు పాత వాచ్‌మన్ "ఈ మీట నొక్కితే మోటారు, ఆ మీట నొక్కితే లైట్లు" అని చూపించి వెళ్ళిపోతాడు. చదువు అక్కడితో సరి.

నీళ్ళపాలవుతున్న కరెంటు

తర్ఫీదు లేకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఐదు హార్సు పవరు మోటారు గంటకు మూడున్నర యూనిట్లకు పైగా కరెంటు తింటుంది. ట్యాంకు నిండాక రోజుకు అరగంట అదనంగా తిరిగి నీళ్ళు పొంగిపోతే, ఏడాదికి దాదాపు 675 యూనిట్లు వృథా. మెట్ల మీద, సెల్లారులో పాత ట్యూబులైట్లు ఇరవై ఉన్నాయనుకుందాం. చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్ల దాకా కాలుస్తుంది. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు పెట్టి, రాత్రి పన్నెండు గంటలే వెలిగిస్తే ఏడాదికి 2,600 యూనిట్లు మిగులుతాయి. రెండూ కలిపితే సుమారు 3,300 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలని లెక్క వేసుకున్నా ఇరవై మూడు వేల రూపాయలు. ఇదంతా ఒక్క మేడలో, ఒక్క ఏడాదిలో పోయే సొమ్ము.

ఈ పొదుపుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ట్యాంకు నిండగానే మోటారును ఆపే చిన్న పరికరం, దాన్ని పదిహేను రోజులకోసారి చూసుకునే మనిషి ఉంటే చాలు. పరికరం బజారులో దొరుకుతుంది. దొరకనిది చూసుకునే మనిషే. అది పాడైన సంగతి తెలియక మళ్ళీ చేత్తో మీట నొక్కే మేడలకు కొదవ లేదు.

కాగే కప్పులు

పూరింట్లో, పెంకుటింట్లో పుట్టి పెరిగినవారికి కాంక్రీటు వేడి అంటే ఏమిటో మొదటి వేసవిలోనే తెలుస్తుంది. పగలంతా ఎండను పీల్చుకున్న కప్పు అర్ధరాత్రి దాకా ఆవిరి కక్కుతూనే ఉంటుంది. పై అంతస్తువారు ఫ్యాను ఆపలేరు. తాహతు ఉన్నవారు ఏసీ కొంటారు. బిల్లు పెరుగుతుంది.

దీనికి పల్లెవాసులు ఎరిగిన మందే ఉంది. మిద్దె మీద వెల్ల వేస్తే ఇల్లు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 'కూల్ రూఫ్' విధానమని ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలకు మించిన స్థలంలో కట్టే నివాస భవనాలకు చల్లని కప్పు తప్పనిసరి అన్నది. ఇళ్ళ గోడలు, కప్పులు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో చెబుతూ కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థ 2018లో 'ఎకో నివాస్ సంహిత' తెచ్చింది.

విధానాలు మంచివే. అయితే తెల్లరంగు పూసిన కప్పు మీద దుమ్ము పేరుకుంటే ఎండను తిప్పికొట్టే గుణం తగ్గిపోతుంది. దాన్ని అప్పుడప్పుడు కడగాలి. వాననీరు పోయే తూములు పూడుకుపోకుండా చూడాలి. నీరు నిలిస్తే పూత లేస్తుంది, స్లాబు చెమ్మగిల్లుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. లక్షలు పోసి వేయించిన పూత నిలిచేదీ పోయేదీ చీపురు పట్టిన మనిషి చేతిలో ఉంది. ఎందుకు కడగాలో అతడికి చెప్పినవారు ఎవరు?

పరాయి దేశాల అనుభవం

ఈ కష్టం ఇతర దేశాలూ పడ్డాయి. బాల్టిక్ సముద్ర తీరాన లిథువేనియా అనే చిన్న దేశం ఉంది. అక్కడ సోవియట్ కాలంలో కట్టిన వేలాది మేడలలో బాధ ఎండ కాదు, చలి. గోడల సందుల నుంచి వెచ్చదనం బయటికి పోయి ఇంధనం ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఆ మేడలను బాగుచేసుకోవడానికి ప్రభుత్వం 2005 ప్రాంతంలోనే సాయం మొదలుపెట్టినా పని నత్తనడక నడిచింది. ఫ్లాట్లు ఎవరివి వారివి. అందరినీ ఒప్పించి, అప్పు తెచ్చి, పని చేయించే బాధ్యత ఎవరికీ పట్టలేదు. 2013లో పద్ధతి మార్చి, మేడను నిర్వహించే సంస్థే అందరి తరఫున అప్పు తీసుకుని మరమ్మతు చేయించేటట్లు చేశారు. అప్పటి నుంచి పని ఊపందుకుంది. డబ్బుతోపాటు బాధ్యత మోసే నిర్వాహకుడు దొరికాకనే గోడలు బాగుపడ్డాయి.

జర్మనీ మరో అడుగు ముందుకు వేసింది. ఇళ్ళ సముదాయాలను నిర్వహించేవారు మూడేళ్ళలో 20 గంటల తర్ఫీదు పొందాలని 2018 ఆగస్టు నుంచి చట్టం పెట్టింది. తరువాత పరీక్ష పాసైన నిర్వాహకుణ్ణే నియమించమని కోరే హక్కును ఫ్లాట్ల యజమానులకు ఇచ్చింది. ఆ పరీక్షలో లెక్కలు, చట్టంతోపాటు ఇంధనం ఆదా చేసే మరమ్మతులు కూడా ఒక పాఠం.

ఇక్కడ జరగవలసినది

ఇక్కడ చట్టాలు లేవని కాదు. అపార్టుమెంట్ల చట్టం 1987లోనే వచ్చింది. యజమానుల సంఘం ఎలా ఉండాలో అందులో ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల చట్టం 2005లో వచ్చింది. సంస్థ ద్వారా వచ్చే గార్డుకు 100 గంటల పాఠం, 60 గంటల పని శిక్షణ ఇవ్వాలని దాని కింద 2006లో వచ్చిన కేంద్ర నమూనా నియమాలు చెప్పాయి. టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడికి అంత తర్ఫీదు కావాలన్నారు. ఊరి నుంచి నేరుగా వచ్చి, మోటారు, జనరేటరు, లిఫ్టు, సంపు అన్నీ చూసేవాడిని మాత్రం ఎవరూ తలచుకోలేదు. ఇది శోచనీయం.

ఇందులో ప్రాణాల సంగతి కూడా ఉంది. తడి చేతులతో స్టార్టరు ముట్టుకోకూడదని, మూసి ఉంచిన సంపులోకి గాలి ఆడనివ్వకుండా దిగకూడదని తెలియనివారిని "కాస్త దిగి చూడవోయ్" అనే యజమానులు ఉన్నారు. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ మాట దిగేవాడికీ తెలియదు, దింపేవాడికీ పట్టదు.

వాచ్‌మన్‌కు తర్ఫీదు ఇప్పిస్తే జీతం ఎక్కువ అడుగుతాడని కొందరు ఫ్లాట్ల యజమానులు వెనకాడవచ్చు. అడగడం న్యాయమే. పైన చెప్పిన ఇరవై మూడు వేలలో సగం అతడికి ఇచ్చినా మిగతా సగం వారికే మిగులుతుంది.

ఇది కలిగినవారి మేడలకే సంబంధించిన వ్యవహారం అనుకోవడం కూడా పొరపాటు. పేదల కోసం ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో మూడంతస్తుల పైచిలుకు బ్లాకులు కట్టింది. వాటి గోడలు సైతం కాంక్రీటువే. హైదరాబాదు శివారు కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ళే 15,660. అక్కడ లిఫ్టు ఆగినా, మోటారు కాలినా బాగుచేయించుకునే స్తోమతు కాపురమున్నవారికి అంతంత మాత్రం. ఇల్లు ఇచ్చి తాళంచెవి చేతిలో పెడితే సరిపోదు. ఇంటిని నడుపుకునే తెలివి కూడా ఇవ్వాలి.

ఆ తెలివి ఇవ్వడానికి కొత్త కాలేజీలు అక్కరలేదు. జిల్లాలోని ఐ.టి.ఐ.లలో, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో నెల రోజుల శిక్షణ పెడితే చాలు. మోటారు, స్టార్టరు, నీళ్ళ ట్యాంకు, కప్పు పూత, కరెంటు బిల్లు చదవడం, జమాఖర్చు రాయడం, ప్రమాదం వేళ ఏం చేయాలన్నది. ఇవే పాఠాలు. ఆడవారికీ సమానంగా చోటివ్వాలి. భర్త ఊరెళ్ళినప్పుడు మోటారు వేస్తున్నది వారే. పాసైనవారికి గుర్తింపు పత్రం ఇవ్వాలి. టిడ్కో బ్లాకులలో ఆ పత్రం ఉన్న స్థానిక యువతకే మొదట పని ఇవ్వాలి. ఫ్లాట్ల సంఘాలు కూడా గదితో సరిపెట్టక, పత్రాన్ని బట్టి జీతం కట్టాలి.

పంచాయతీ పెద్దలు ఈ సంగతిని గ్రామసభలో కదిలించి, శిక్షణ కావాలని తీర్మానం చేసి జిల్లా కలెక్టరుకు పంపడం మంచిది. పట్నం బస్సు ఎక్కే కుర్రవాడు మూటలో బట్టలతోపాటు పని నేర్చిన పత్రం కూడా పెట్టుకుని వెళితే, మెట్ల కింద గది ఎంత ఇరుకైనా జీతం దగ్గర బేరమాడే ధైర్యం ఉంటుంది. వచ్చే వేసవికి ముందే మొదటి తరగతి మొదలయ్యేటట్లు అధికారులు శ్రద్ధ వహించాలి.