సముద్రాలు దాటిన పునుగులు

నలుగురు చేరిన చోట నోరు ఊరికే ఉండదు. కబుర్లకైనా ఆడాలి, కారప్పూసకైనా ఆడాలి. ఈ సూత్రాన్ని భగవంతుడు మన కొక్కరికే రాసివ్వలేదు. వెస్టిండీసులో ట్రినిడాడ్ అనే దీవి ఉన్నది. క్రికెట్టు పిచ్చి ఉన్న ఇళ్లకు కొత్త పేరు కాదు. బ్రయాన్ లారా పుట్టిన దీవి. అక్కడ పనీపాటా లేకుండా నలుగురూ చేరి కబుర్లు చెప్పుకోవడానికి ఒక పేరే పెట్టుకున్నారు: 'లైమింగ్'. మనం వీధి అరుగు మీద పేరు పెట్టకుండానే చేసే పని!

ఆ కబుర్లకు తోడుండే ఫలహారాల పేర్లు వినండి: బారా, చన్నా, ఫులోరీ, సహీనా, కచోరీ. ఇవి దొరల పేర్లులా లేవే అని మీరు ముక్కు మీద వేలు వేసుకోకముందే సంగతి చెబుతాను. 1845 మే 30న ఫతే రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి మన కూలీలను తీసుకొనిపోయి ఆ దీవిలో దింపింది. చెరకుతోటల్లో పని, చేతిలో ఒప్పంద పత్రం. 1917లో ఆ రవాణా ఆగేలోగా లక్షా నలభైవేల మందికి పైగా వెళ్లారు. ఎక్కువమంది భోజ్‌పురి ప్రాంతంవారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో అరవవారూ, మన తెలుగువారూ ఉన్నారు.

ఫులోరీ అంటే ఎండుబఠాణీ పప్పు పిండితో వేసే గుండ్రని పునుగు. చింతపండు పచ్చడిలోనో, మామిడి పచ్చడిలోనో ముంచి తింటారు. సహీనా అంటే చేమ ఆకులకు పప్పుపిండి పూసి, చుట్టి, కోసి వేయించినది. దాల్‌పూరీ మన బొబ్బట్టుకు పినతల్లి కూతురు. బెల్లం బదులు జీలకర్ర, కారం కలిపిన పప్పు లోపల ఉంటుంది. మరో రకం పరాటాను పెనం మీదనే కొట్టి పీలికలు చేస్తారు. చినిగిన చొక్కాలా ఉంటుందని దాని పేరే 'బస్సప్ షట్'. అక్కడి హిందువుల పెళ్లిళ్లలో వీటిని సొహారీ అనే పెద్ద ఆకులో గుమ్మడికాయ కూరతో వడ్డిస్తారు. ఆకు మారింది గాని బంతి మారలేదు.

అన్నింటికీ రాజు 'డబుల్స్'. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో ఎమమూల్ దీన్ అనే ఆయన వేయించిన శనగలు అమ్మేవాడు. తరువాత ఒక బారా మీద శనగల కూర వేసి ఇచ్చాడు. కొన్నవాళ్లు ఊరుకోక, రెండోది కూడా వెయ్యవయ్యా అన్నారు. అదే పేరై నిలిచింది. పొద్దున్నే ఆఫీసుకు పోయేవారూ, అర్ధరాత్రి పాటకచేరీల నుంచి వచ్చేవారూ వీధి పక్కన నిలబడి కాగితంలోనే తింటారు. కారం ఎంత అని అమ్మేవాడు అడుగుతాడు. 'కొంచెం' అంటేనే మంచిది. అక్కడి మిరపకాయ మన గుంటూరు కాయకు తీసిపోదు.

ఒక ఆదివారం మా ఇంట్లో చేసి చూశాను. మైదాలో పసుపు, జీలకర్ర, ఉప్పు, కాస్త ఈస్టు వేసి, చేతికి అంటుకునేంత పలచగా కలిపి నాననివ్వాలి. చేతికి నూనె రాసుకొని అరచేతిలోనే పలచగా తట్టి, కాగిన నూనెలో వేసి వెంటనే తిప్పి తీసెయ్యాలి. కరకరలాడితే బారా కాదు. ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డ కప్పితే ఆవిరికి మెత్తబడతాయి. మా పిల్లలు, "ఇది మన పూరీయే గదమ్మా!" అన్నారు. నిజమే, మనదే.

కాని నా మనసులో పడ్డ సంగతి వేరే ఉంది. ఒకప్పుడు ఆ దీవిలో కూలీల పిల్లలు బడిలో రొట్టె తినడానికి సిగ్గుపడి దాచుకొని తినేవారట. ఈనాడు ఆఫ్రికా సంతతివారు, చైనావారు, అందరూ ఆ రొట్టె కోసమే వరుసలో నిలబడతారు. అటు ఆఫ్రికా, ఇటు ఇండియా కలిసిన పులుసులు కూడా వచ్చాయి. మొక్కజొన్న పొత్తు ముక్కలు, పప్పు, పిండి ఉండలు ఒకే గిన్నెలో ఉడికే ఆ సూపు లేనిదే కార్నివాల్ రాత్రి తెల్లవారదు.

మన తెలుగు కూలీల మనుమలకు ఇప్పుడు తెలుగు రాదు. భోజ్‌పురి కూడా పెద్దల నోళ్లలోనే మిగిలింది. భాష పోయినా వంటింటి మాటలు మాత్రం పోలేదు. ఏ తల్లీ పాఠం చెప్పలేదు. రోజూ పొయ్యి దగ్గర నిలబడింది, అంతే.

ఇంతకీ, మీ అమ్మాయి పెట్టెలో ఉప్మా పెడితే స్నేహితురాళ్లు నవ్వుతారని గునుస్తున్నదా? ఈ కథ చెప్పి చూడండి. తరువాత పునుగులు వేయించి పెట్టండి. కథ కంటే పునుగులే బాగా పని చేస్తాయనుకుంటాను.