పెరటి కోళ్ల దాణా: చిల్లర బేరమని చిన్నచూపు తగదు

కోళ్ల దాణా మార్కెట్టులో మాటలన్నీ పెద్ద ఫారాల చుట్టూనే తిరుగుతాయి. లారీ లోడు మొక్కజొన్న, సోయా చెక్క కొనే ఖాతాదారుకు కుర్చీ వేసే వర్తకుడు, పది కోళ్ల కోసం నాలుగు కిలోల నూకలు అడిగే ఇల్లాలిని పట్టించుకోడు. పెద్ద బేరం మీద దృష్టి సహజమే. కాని లెక్క చూస్తే చిన్న బేరాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, బాతులు తదితర పక్షుల్లో 31.7 కోట్లు ఇళ్ల పెరళ్లలో ఉన్నవే. 2012 గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య నూటికి 45కు పైగా పెరిగింది.

గుడ్డుకు దాణా ఎంత?

గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అంటే ఏడాదికి 40 కిలోలు. ఏటా 300 గుడ్లు పెట్టే ఫారం కోడి విషయంలో గుడ్డుకు పడే దాణా 133 గ్రాములు. నాటు కోడి పెట్టేది 50 నుంచి 70 గుడ్లే. దాన్ని గూట్లో కట్టేసి దాణా అంతా కొని మేపితే గుడ్డుకు అరకిలో పైనే పడుతుంది. ఏ ధరకు అమ్మినా ఈ బేరం గిట్టదు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేటు రూపొందించిన గ్రామప్రియ రకం పెరటి మేపులో 72 వారాల వయసు నిండేలోగా 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. పగలంతా తిరిగి గింజలు, పురుగులు, గడ్డి ఏరుకు తినే ఈ కోడికి సాయంత్రం 50 గ్రాములు వేస్తే చాలుననుకుంటే, గుడ్డుకు కొన్న దాణా 115 గ్రాములకు మించదు. ఫారం లెక్కకన్నా ఇది తక్కువ. పైగా 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే నెక్, ప్రకటించే ధరకు పెరటి గుడ్డు కట్టుబడదు. సాధారణంగా అంతకంటె ఎక్కువే పలుకుతుంది. లాభమంతా కోడి తిరిగే జాగాలోనూ, ఇంట్లో మిగిలే మెతుకుల్లోనూ ఉన్నది. జాగా లేనివారు ఈ పనికి దిగకపోవడమే మేలు.

పదితో ప్రారంభం

కొత్తవారు ఒక్కసారిగా వంద పిల్లలు దింపుకొని చేతులు కాల్చుకోవడం కంటె పది పెట్టలతో మొదలుపెట్టడం మంచిది. రోజు పిల్లలకు మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఇవ్వాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. ఈ సరంజామా లేనివారు టీకాలు పడిన ఆరు వారాల పిల్లలను కొనడం క్షేమం. ధర ఎక్కువైనా చావులు తగ్గుతాయి. ఇవి గుడ్లకు వచ్చేది అయిదున్నర, ఆరు నెలల వయసులో. అంతవరకు రాబడి ఉండదని ముందే తెలిసి ఉండాలి.

గుడ్లకు పుంజు అక్కరలేదు. రాత్రి గూటిలో కోడికి రెండు చదరపు అడుగుల చొప్పున, పదింటికి 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చాలు. ముంగిస, పిల్లి దూరకుండా గట్టి వల ఉండాలి. గుడ్డు పెంకు గట్టిపడటానికి నత్తగుల్లల పొడి విడిగా పెట్టాలి. పల్లెల్లో కొక్కెర తెగులు అనే రాణిఖేత్ వస్తే మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. దీనికి టీకాయే రక్షణ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి వర్తకులకు తెలిసినదే. కోళ్లు వరసగా చస్తుంటే మిగిలినవాటిని అమ్ముకోకుండా వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి.

బస్తాతో చిక్కు

దాణా వర్తకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. పది కోళ్లకు రోజుకు 50 గ్రాముల చొప్పున నెలకు 15 కిలోల దాణా కావాలి. 50 కిలోల బస్తా మూడు నెలలకు పైగా వస్తుంది. మర పట్టిన దాణా వానకాలంలో అన్నాళ్లు నిలవ ఉంటే బూజు పడుతుంది. బస్తా తప్ప విడిగా అమ్మమనే దుకాణంలో పెరటి కోళ్లవారు కొంటే నష్టం, కొనకపోతే కోడి గుడ్లు తగ్గుతాయి. చివరకు కోళ్లను కూరకు అమ్మి ఊరుకుంటారు. దుకాణానికి ఆ ఖాతా శాశ్వతంగా పోతుంది.

చిల్లర తూకం పని ఎక్కువ అనే మాట నిజమే. అయితే ఒక ఊళ్లో 50 ఇళ్లు పది కోళ్ల చొప్పున పెంచితే, నెలకు ఏడున్నర క్వింటాళ్లు, అంటే 15 బస్తాల గిరాకీ. అయిదు కిలోల సంచులు కట్టి ఉంచితే తూకం శ్రమ కూడా తగ్గుతుంది. ఇంత చిన్న కొనుగోలుకు అరువు పెట్టవలసిన అవసరమూ ఉండదు.

బూజు సరుకు అంటగట్టరాదు

మనుషులకు పనికిరాని తడిసిన మొక్కజొన్న, బూజు పట్టిన వేరుశెనగ చెక్క కోళ్లకు చెల్లుతుందనే అభిప్రాయం కొన్ని చోట్ల ఇంకా ఉన్నది. ఇది ప్రమాదకరం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, బూజు పట్టిన వేరుశెనగ చెక్కలోని విషమే కారణమని తేలింది. ఆఫ్లాటాక్సిన్ అనే ఈ విషం సరుకును తిరిగి ఎండబెట్టినా, మర పట్టినా పోదు. పెద్ద ఫారం యజమాని సరుకును పరీక్షకు పంపి తిప్పికొట్టగలడు. పది కోళ్ల ఇల్లాలికి ఆ వీలు లేదు. ఆమె నమ్మేది దుకాణదారు మాటనే.

తాజా సరుకు చిన్న సంచుల్లో, నికరమైన తూకంతో అందించడం దాణా వర్తకుల చేతిలో ఉన్న పని. అందులో ధర్మమూ ఉన్నది, వ్యాపారమూ ఉన్నది. పెరటి కోడి గుడ్లు పెడుతున్నంతకాలమే నూకలకు, తవుడుకు ఆ ఇంటి నుంచి గిరాకీ ఉంటుంది.