ఎక్సెల్ షీట్‌లో కనబడని ఉధార్

నా భాంజా దుబాయ్‌లో తొమ్మిదేళ్ళు కూడబెట్టిన పైసలు ఒక దోస్త్ బేకరీలో పెడతానని ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. "మామూ, హిసాబ్ అంతా పక్కాగా ఉంది, జరా చూడండి" అన్నాడు. షీట్ ఖూబ్‌సూరత్‌గానే ఉంది. రంగులు, గ్రాఫులు. బేకరీ ఖీమత్ రెండున్నర కోట్లు, పదో వంతు వాటాకు 25 లక్షలు.

ఆ రెండున్నర కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయా అని వెతికితే ఒక్క గడిలో దొరికింది. వచ్చే ఏడాది ఖర్చులు పోగా 10 లక్షలు మిగులుతాయట. ఆ తర్వాత అవి ఏటా 8 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటాయట, హమేషా. పెట్టిన పైసకు ఏటా 12 శాతం రావాలని అనుకున్నారు. (ఇది సూద్ కాదు, నుక్సాన్‌కు కూడా సిద్ధపడ్డవాడు ఆశించే నఫా.) 12లోంచి 8 తీసేస్తే 4. పది లక్షల్ని ఆ 4 శాతంతో భాగిస్తే రెండున్నర కోట్లు. నేను 8 చెరిపి 5 పెట్టాను. ఖీమత్ కోటీ 43 లక్షలకు పడిపోయింది! మూడు శాతం ఫరక్‌కి కోటి రూపాయల పైన గాయబ్.

"ఈ 8 ఎవరు చెప్పారు బేటా?"

"దోస్తే వేశాడు మామూ."

సరే, ఆ 10 లక్షలైనా నిజమా? బేకరీ మాల్ సగం టీ కొట్లకి ఉధార్ మీద పోతుంది. షీట్‌లో మాత్రం అమ్మిన రోజే పైసలొచ్చినట్టు రాసుంది. దోస్త్ పొద్దుగూకేదాకా గల్లా దగ్గర కూర్చుంటాడు, అతని జీతం ఖర్చులో లేదు. పాత ఓవెన్ మార్చాల్సిన ఖర్చూ లేదు. మా అబ్బాకి కిరాణా దుకాణం ఉండేది. ఆయన ఉధార్‌కి వేరే పుస్తకం పెట్టేవాడు. రాత్రి గల్లాలో ఉన్నదే ఆమదనీ అనేవాడు. ఎక్సెల్ ఆయనకు తెలియదు, కానీ ఈ షీట్‌కన్నా ఆయన పుస్తకమే నయం.

పెద్ద కంపెనీల్లోనూ ఇంతే. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు తన ఖత్‌లో, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. అంతకుముందు ఆ కంపెనీకి ఖీమత్ కట్టినవాళ్ళ ఫార్ములాలు సరిగ్గానే ఉండొచ్చు. వాటిలో పోసిన అంకెలు ఝూట్.

అందుకే భాంజాకి ఇలా చెప్పాను. అందాజాలన్నీ ఒకే చోట రాయి. ప్రతి దాని పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయి, బిల్లా, బ్యాంకు కాగితమా, నోటి మాటా. తర్వాత అమ్మకం పావు వంతు తగ్గించి చూడు. మైదా ధర పెంచి చూడు. అప్పుడు కూడా కిరాయి కట్టగలిగితేనే వాటా గురించి మాట్లాడు.

వాడు వెళ్ళి ఉధార్ పుస్తకం అడిగాడు. "నా మీద భరోసా లేదా?" అని దోస్త్ నారాజ్ అయ్యాడట. అడిగి మూడు వారాలైంది, పుస్తకం ఇంకా రాలేదు. 25 లక్షలు బ్యాంకులోనే ఉన్నాయి. మా అక్క మాత్రం నాతో మాట్లాడటం లేదు, కొడుకు కారోబార్ నేనే చెడగొట్టానని.