జ్వరం తగ్గాకే బడికి పంపుదాం

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. అర్ధ సంవత్సర పరీక్షలూ డిసెంబరులోనే. దాంతో పిల్లలకు జ్వరం ఉన్నా పారాసిటమాల్ వేసి బడికి పంపేస్తున్నాం. మాత్రతో ఒళ్లు చల్లబడుతుంది కానీ వైరస్ పోదు. దగ్గు, తుమ్ము తుంపరలతో పక్కవారికి అంటుకుంటుంది.

మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపుదాం. రెండు రోజులు దాటితే డాక్టరుకు చూపిద్దాం. డెంగీ కావచ్చు కనుక ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేయకూడదు.

ఒక్క తల్లిదండ్రులు మారితే చాలదు. నూరు శాతం హాజరుకు బహుమతులిచ్చే పద్ధతిని బడులు మానాలి. తప్పిన పాఠం మళ్లీ చెప్పాలి. మన తెలుగు మాధ్యమ తరగతుల్లో చాలాచోట్ల పిల్లలు తక్కువే కాబట్టి అది టీచర్లకు మోయలేని భారం కాదు.