క్లబ్బు ఎవరిది? ఓనరుదా... ఊరిదా?

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ట్రోఫీ గెలిచిన ఏకైక తెలుగు క్లబ్బు ఇప్పుడు తెలుగు నేల మీద లేదు. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కోటి జనాభా ఉన్న నగరానికి ఒక్క ఐఎస్‌ఎల్ క్లబ్బు నిలవలేదు. అటు పోర్చుగల్‌లో మాత్రం సుమారు 5 వేల మంది ఉండే ఓ చిన్న ఊరి క్లబ్బు, బెన్ఫికా, పోర్టో లాంటి పెద్ద జట్లున్న టాప్ డివిజన్‌లోనే ఆడుతోంది.

తిరుపతిలోనో చిత్తూరులోనో సాయంత్రం పూట గ్రౌండుకెళ్లి బంతి తన్నే మీకు ఈ రెండు కథలతో పనేంటి అంటారా? చాలానే ఉంది. ఆటనే కెరీర్‌గా తీసుకోవాలనుకుంటే ఎలాంటి క్లబ్బులో చేరాలి, ఏ కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి, రేపు మీరే ఒక క్లబ్బు పెడితే దాన్ని దేని మీద నిలబెట్టాలి... వీటన్నిటికీ జవాబులు ఈ కథల్లో దొరుకుతాయి.

మూడుసార్లు జారి... మూడుసార్లు ఎక్కి

ఆ పోర్చుగల్ ఊరి పేరు మొరైరా డి కోనెగుష్. దేశానికి ఉత్తరాన, బట్టల మిల్లులకు పేరున్న ప్రాంతంలో ఉంటుంది. మన దగ్గర నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల ఊళ్లలాంటిదే అనుకోండి. అక్కడి క్లబ్బు మొరైరెన్స్ 1938లో పుట్టింది. టాప్ డివిజన్ మెట్టు ఎక్కడానికి దానికి 64 ఏళ్లు పట్టింది. 2002లో పైకొచ్చింది, 2005లో కిందికి జారింది. 2012లో మళ్లీ ఎక్కి, మరుసటి ఏడాదే దిగిపోయింది. 2014లో ఎక్కింది. 2022లో దిగింది. 2023లో రెండో డివిజన్ విజేతగా తిరిగొచ్చింది. 2017లో సెమీస్‌లో బెన్ఫికాను, ఫైనల్లో బ్రాగాను ఓడించి లీగ్ కప్ కూడా ఎగరేసుకుపోయింది.

ఇక్కడ చూడాల్సింది ఆ కప్పును కాదు. మూడుసార్లు కింద పడ్డా క్లబ్బు మూతపడలేదే, దాన్ని చూడాలి. కింది డివిజన్‌లోనూ దానికి మ్యాచులున్నాయి, ప్రత్యర్థులున్నారు, మళ్లీ ఎక్కడానికి మెట్లున్నాయి. పోర్చుగల్ జనాభా కోటి పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41 లక్షల పైనే. అంటే మన పాత జిల్లాకు రెండున్నర రెట్లున్న దేశం అది. అంత చిన్న దేశంలో 22 ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘాలున్నాయి. ప్రతి సంఘమూ తన పరిధిలో లీగులు నడుపుతుంది. ఏ మూల ఊరి జట్టయినా అట్టడుగు నుంచి మొదలుపెట్టి, గెలుచుకుంటూ పోతే పై డివిజన్ దాకా వెళ్లొచ్చు. ఒకరు దయతో ఇస్తేనో, వేలంలో కొంటేనో వచ్చే అవకాశం కాదది.

రెండున్నరేళ్లలో ట్రోఫీ... ఆరేళ్లకు టాటా

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో, మూతపడిన పుణె సిటీ క్లబ్బు స్థానంలో వచ్చింది. తొలి సీజన్లో ఆఖరి స్థానం. కానీ కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో పడ్డాక జట్టు మారిపోయింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపేశాడు. ట్రోఫీ మనదైంది.

ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది. ఆటగాళ్లకు జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. పేరున్నవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్లో 22 మ్యాచులాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. 2024లో యాజమాన్యం మారింది. మరుసటి ఏడాది జట్టే ఊరు మారింది. గచ్చిబౌలి స్టేడియంలో జెండాలూపిన అభిమానిని ఎవరైనా ఒక మాట అడిగారా? అడగాల్సిన అవసరమే వాళ్లకు లేదు. ఆ క్లబ్బు ఓ ఫ్రాంచైజీ. ఫ్రాంచైజీ ఓనరు చేతిలో ఉంటుంది, ఊరి చేతిలో ఉండదు.

హైదరాబాద్ ఒక్కటే ఇలా అనుకోవద్దు. శ్రీనిధి డెక్కన్ క్లబ్బుకు 2020లో ఐ-లీగ్ అవకాశం దక్కింది విశాఖపట్నం పేరు మీద. సొంత గ్రౌండ్ మాత్రం హైదరాబాద్ దగ్గర. జట్టు బాగానే ఆడింది, 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్ రన్నరప్‌గా నిలిచింది. కానీ విశాఖ కుర్రాడికి తన ఊరి క్లబ్బు అని చెప్పుకొనే భాగ్యం దక్కలేదు.

పైమెట్టు కూడా మన దగ్గర గట్టిగా లేదు. ఐ-లీగ్ గెలిచి ఐఎస్‌ఎల్‌కు ప్రమోషన్ పొందిన మొదటి క్లబ్బు పంజాబ్ ఎఫ్‌సీ. అది జరిగింది 2023లో, ఐఎస్‌ఎల్ మొదలైన తొమ్మిదేళ్లకు. హక్కుల ఒప్పందం చిక్కులో పడటంతో 2025-26 ఐఎస్‌ఎల్ సీజన్ నెలల తరబడి ఆగి, చివరికి 2026 ఫిబ్రవరిలో మొదలైంది. లీగ్ ఎప్పుడో తెలియనప్పుడు ఆటగాడి ఇంటి ఖర్చులెలా నడుస్తాయి? కెరీర్ లెక్క వేసుకునేటప్పుడు ఈ సంగతి కూడా కలుపుకోండి.

చట్టం చేతిలో ఉంటే

పోర్చుగల్‌లోనూ పెట్టుబడిదారులు లేకపోలేదు. పెద్ద డివిజన్లలో ఆడే జట్లు చాలావరకు కంపెనీలే. కానీ కంపెనీ వేరు, దాన్ని పుట్టించిన క్లబ్బు వేరు. కంపెనీలో ఎక్కువ వాటా ఎవరు కొన్నా, మాతృ క్లబ్బు దగ్గర ప్రత్యేక హక్కులున్న షేర్లు మిగిలి ఉంటాయి. జట్టును వేరే ఊరికి మార్చాలన్నా, క్లబ్బు చిహ్నాలు మార్చాలన్నా వద్దని అడ్డుకునే వీటో హక్కు వాటితో వస్తుంది. ఆ క్లబ్బులో చందా కట్టే సభ్యులకు ఓటుంటుంది. డబ్బు బయటి నుంచి రావొచ్చు, పేరూ ఊరూ మాత్రం సులువుగా పోవు.

గొడవలు రావా అంటే వస్తాయి. లిస్బన్‌లో బెలెనెన్సెస్ అనే పాత క్లబ్బుకు, దాని జట్టును నడిపే కంపెనీకి 2018లో తెగదెంపులయ్యాయి. టాప్ డివిజన్ సీటు కంపెనీతో వెళ్లిపోయింది. సభ్యులు ఏడుస్తూ కూర్చోలేదు. తమ క్లబ్బు పేరుతో జిల్లా స్థాయిలో అట్టడుగు డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి రెండో డివిజన్‌కు చేరారు. అటు కంపెనీ జట్టేమో దిగజారుతూ పోయి ఆఖరికి ఉనికే కోల్పోయింది. సీటు పోయినా మనుషులు మిగిలితే క్లబ్బు మిగిలినట్టే. హైదరాబాద్ అభిమానులకు అలా మళ్లీ మొదలుపెట్టడానికి అట్టడుగు మెట్టంటూ గట్టిగా లేదు, మెంబర్‌షిప్ అంతకన్నా లేదు.

ఒకప్పుడు మనదే పైచేయి

మనకు ఫుట్‌బాల్ చరిత్ర లేదనుకుంటే పొరపాటు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా నెగ్గింది.

ఆ పోలీస్ జట్టుకు వెన్నెముక ఏంటి? ఉద్యోగం. ఆడేవాడికి నెలనెలా జీతం, ఇంటికి భరోసా. అందుకే వాళ్ల ధ్యాసంతా ఆట మీదే ఉండేది. ఇప్పటికీ ఫుట్‌బాలర్‌కు రైల్వే, పోలీస్, సర్వీసెస్ ఉద్యోగాలే పెద్ద ఆసరా. కాకపోతే డిపార్ట్‌మెంట్ జట్టు డిపార్ట్‌మెంట్‌దే. అదీ ఊరి చేతిలో ఉండదు.

పక్కనే ఉన్న అనంతపురం

ఊరికి దగ్గరగా ఉండే నమూనా కోసం పోర్చుగల్ దాకా పోనక్కర్లేదు, రాయలసీమలోనే ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్‌డీటీ, కరవు పల్లెల్లో బడి, ఆసుపత్రి, ఇళ్లతో పాటు ఆటనూ నాటింది. అనంతపురం స్పోర్ట్స్ అకాడమీలో పల్లె పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ తోడ్పాటు అందించింది. 2010లో రఫెల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి తెరుచుకుంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు ఆర్‌డీటీ స్టేడియంలోనే జరిగాయి. జిల్లా కేంద్రంలో ఇలాంటి సదుపాయం పెట్టి నడపొచ్చని రుజువైంది.

కానీ ఇందులోనూ ఓ పాఠం ఉంది. 2025లో ఆర్‌డీటీకి విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ చిక్కు వచ్చిపడగానే అనంతపురం జిల్లాలో జనం రోడ్డెక్కారు. ఆ సంస్థను జనం తమదిగా అనుకున్నారనడానికి అదే సాక్ష్యం. నీళ్లు ఒక్క కుళాయి నుంచే వస్తుంటే, అది ఆగిన రోజు ఏంటి గతి అన్న ప్రశ్న కూడా అప్పుడే లేచింది. మంచి ఓనరైనా, మంచి దాత అయినా, ఒక్కరి మీదే నిలబడితే భయం భయమే.

కాగితం విలువ తెలుసా?

చిన్న క్లబ్బుకు సొంత ఆదాయం ఎక్కణ్నుంచి వస్తుంది? ఇక్కడే చాలామందికి తెలియని ఓ ఫిఫా నిబంధన ఉంది. ఒక ఆటగాణ్ని వేరే దేశం క్లబ్బు ఫీజు కట్టి కొంటే, ఆ ఫీజులో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల వయసులో ఒక్కో సీజన్‌కు ఫీజులో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఒక్కో సీజన్‌కు 0.5 శాతం చొప్పున లెక్క.

ఉదాహరణకు ఓ కుర్రాడు 16, 17 ఏళ్ల వయసులో రెండు సీజన్లు మీ ఊరి క్లబ్బుకు ఆడాడనుకోండి. తర్వాత అతణ్ని విదేశీ క్లబ్బు 10 కోట్లు పెట్టి కొంటే, మీ క్లబ్బు వాటా 1 శాతం. అంటే 10 లక్షలు. చిన్న క్లబ్బుకు అది కొన్నేళ్ల ఖర్చు. ఇదంతా జరగాలంటే షరతు ఒక్కటే: క్లబ్బు అసోసియేషన్‌కు అనుబంధంగా ఉండాలి, కుర్రాడు ఆ క్లబ్బు ఆటగాడిగా అధికారికంగా రిజిస్టరై ఉండాలి. ‘మావాడే, మా గ్రౌండులోనే ఆడేవాడు’ అని నోటితో చెబితే పైసా రాదు.

ఇంతకీ మీరేం చేయాలి?

ఆడుతున్నవాళ్లయితే, చేరేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఈ క్లబ్బుకు జిల్లా, రాష్ట్ర అసోసియేషన్ల గుర్తింపు ఉందా? నన్ను జాతీయ సమాఖ్య ఆన్‌లైన్ విధానంలో రిజిస్టర్ చేస్తారా? ఏడాదికి ఎన్ని పోటీ మ్యాచులు ఆడిస్తారు? జెర్సీ మెరుపు, ప్రారంభోత్సవానికి వచ్చిన సెలబ్రిటీ ఆ తర్వాతి సంగతి. రాష్ట్ర ప్రభుత్వం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆ కోటాకు గుర్తింపున్న పోటీల సర్టిఫికెట్లే ప్రాణం. పదేళ్లు ఆడి, చేతిలో చెల్లే కాగితం ఒక్కటీ లేకపోతే నష్టపోయేది మీరే.

ఆడే వయసు దాటిపోయిందా? బంతితో బతకడానికి ఇంకా దారులున్నాయి. ఏఐఎఫ్‌ఎఫ్ డి లైసెన్స్‌తో కోచింగ్ మొదలుపెట్టి సి, బి, ఎ అంటూ మెట్లెక్కొచ్చు. రిఫరీ పరీక్ష రాయొచ్చు. బీపీఈడీ చేస్తే బడుల్లో పీఈటీ ఉద్యోగాలకు పోటీ పడొచ్చు. ఫిజియోథెరపీ చదివినవాళ్లకు జట్లలో చోటుంది. ఏ దారిలో వెళ్లినా డిగ్రీ వదలకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లకే జీతాలు ఆగాయన్నది మరిచిపోవద్దు.

క్లబ్బే పెట్టాలనుకుంటే? రాష్ట్ర సొసైటీల చట్టం (2001) ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒక పెద్దాయన ఇచ్చే లక్ష కన్నా, వందమంది ఏటా ఇచ్చే వెయ్యి మేలు. మొత్తం రెండూ లక్షే. కానీ పెద్దాయన మనసు మారితే లక్షా పోతుంది. వందమందిలో పదిమంది మానేసినా తొంభై వేలు మిగులుతాయి. ఆ వందమందికీ ఓటు ఇవ్వండి, ఏటా లెక్కలు చూపించండి. క్లబ్బు పేరు, ఊరు మార్చాలంటే వాళ్లందరి ఆమోదం కావాలని బైలాలో మొదటి రోజే రాసుకోండి. 12 ఏళ్ల పిల్లల నుంచి అందరినీ రిజిస్టర్ చేయించండి.

తిరుపతి 2022 ఏప్రిల్లో కొత్త జిల్లా అయింది. అంటే చిత్తూరుతో కలిపి ఇప్పుడు రెండు జిల్లా కేంద్రాలు, రెండు జిల్లా జట్లకు చోటు. రెండు చోట్లా అయిదారు క్లబ్బులతో ఏటా ఆగకుండా ఒక లీగ్ నడిస్తే చాలు, అదే మొదటి మెట్టు. మొరైరా ఊరి జట్టు టాప్ డివిజన్‌కు చేరడానికి 64 ఏళ్లు పట్టిందని భయపడక్కర్లేదు. ఆ 64 ఏళ్లూ ప్రతి సీజన్‌లోనూ ఆ ఊళ్లో ఎవరో ఒక కుర్రాడు ఆడుతూనే ఉన్నాడు, ఎవరో ఒక పెద్దమనిషి చందా కడుతూనే ఉన్నాడు. ముందు ఆ పని మొదలుపెడదాం.