రాళ్లవాన పడిన వారం: కల్లంలో తడిసిన పంట ఏ లెక్కలో?

నర్సంపేట: ఫాల్గుణం వెళ్లి ఉగాది వచ్చే రోజుల్లో వరంగల్ జిల్లా రైతుకు వానతో పని లేదు. మిరపకాయ ఏరి కల్లంలో పోసి ఉంటుంది. యాసంగి మక్కజొన్న కంకి గింజ గట్టిపడుతూ ఉంటుంది. వరి పొట్టకు వచ్చి ఉంటుంది, మామిడి పిందె నిలిచే సమయం కూడా అదే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ రాళ్లవాన మేలు చేయదు. 2023 మార్చిలో సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే ఎండలు ముదిరాయి. పగటి ఉష్ణోగ్రతల సగటు చూస్తే 1901 తర్వాత దేశంలో అంత వేడి ఫిబ్రవరి లేదని వాతావరణ శాఖ ప్రకటించింది. ఆ తర్వాత మార్చి 16వ తేదీ గురువారం మొదలు నాలుగు రోజులపాటు రోజుకో తీరుగా నడిచింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రానికి ఈదురుగాలి, దాని వెంట రాళ్లు. నేల బాగా కాగిన వేళ బంగాళాఖాతం మీదుగా తేమగాలి వస్తే మేఘం నిట్టనిలువుగా పెరుగుతుంది. పైన చల్లదనం ఎక్కువ కనుక నీటిబొట్టు గడ్డకడుతుంది. కింది నుంచి తన్నే గాలి దానిని మళ్లీ మళ్లీ పైకి నెట్టి, మోయలేనంత బరువైనప్పుడు వదిలేస్తుంది. ఇటువంటి మేఘం జిల్లా అంతటా పరచుకోదు. సన్నని పట్టీలా సాగిపోతుంది. అందుకే ఒక ఊరి చేను తుడిచిపెట్టుకుపోతే పక్క ఊరి చేను పచ్చగానే ఉంటుంది. నష్టం లెక్కకట్టేటప్పుడు తగవులు పుట్టేది ఇక్కడే.

దుగ్గొండి, నర్సంపేట ప్రాంతంలో ఎక్కువ దెబ్బ తిన్నది మక్కజొన్న. గాలికి పడిన మక్క తిరిగి లేవదు. నేలను తాకిన కంకికి బూజు పడుతుంది, తడి ఆరకపోతే గింజ మొలకెత్తుతుంది. పడిపోయిన చేనులో కోత యంత్రం నడవదు కనుక కూలీలను పెట్టి ఏరించుకోవాలి. పంట సగం, ఖర్చు రెట్టింపు. ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు. 2022 జనవరిలో రాళ్లవాన పడి నర్సంపేట, పరకాల వైపు మిరప తోటలు కాయతో సహా రాలిపోయిన సంగతి రైతులు మరువలేదు.

22వ తేదీ బుధవారం శోభకృత్ ఉగాది. మరునాడు నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు దుగ్గొండి మండలం అడవి రంగాపురం, మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలం రెడ్డికుంట తండా వచ్చి చేలు చూశారు. ఎకరానికి 10 వేల రూపాయలు ఇస్తామని ప్రకటించారు. రాష్ట్రం మొత్తంమీద 2,28,258 ఎకరాలు పోయినట్లు అప్పటి అంచనా. అందులో మక్కజొన్న 1,29,446 ఎకరాలు, వరి 72,709, మామిడి 8,865, మిగిలినవి 17,238. కేంద్ర నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000 రూపాయలే. హెక్టారంటే రెండున్నర ఎకరాలు. ఆ లెక్కన 10 వేలు మెరుగైన మొత్తమే, కాదనలేం.

అయితే పొలం పొలం తిరిగి చూసిన తర్వాత పరిహారానికి తేలినది సుమారు 1.51 లక్షల ఎకరాలు, విడుదలైనది సుమారు 151 కోట్లు. తొలి అంచనాకూ తుది జాబితాకూ మధ్య 77 వేల ఎకరాల తేడా. వాన వెలిసిన మరునాడు వేసిన అంచనా అంకెకు అంకె నిలవాలని ఎవరూ అనరు. కానీ ఎలా లెక్కించారన్నది రైతుకు తెలియాలి. మూడింట ఒక వంతు, అంటే 33 శాతం పంట పోతేనే నష్టం కింద రాస్తారు. 30 శాతం పోయిన వానికి ఏమీ రాదు. ఒక్కో వ్యవసాయ విస్తరణాధికారి కింద సుమారు 5 వేల ఎకరాలుంటాయి. కొద్ది రోజుల్లో అన్ని చేలూ తిరిగి 30 శాతానికీ 35 శాతానికీ తేడా కంటితో తేల్చడం ఎంతవరకు సాధ్యం?

అసలు లెక్కలోకే రానిది కల్లంలోని మిరప. చెట్టున ఉన్న పంట పోతే నష్టం. కోసి ఆరబోసినది తడిస్తే ఈ పట్టికలో దానికి గడి లేదు. తడిసిన కాయ రంగు పోయి తాలుగా మారుతుంది, ఎనుమాముల మార్కెట్‌లో దాని ధర మేలు కాయ ధరకు దరిదాపుల్లో ఉండదు. దుక్కి నుంచి ఏరుడు కూలి వరకు ఖర్చంతా పెట్టిన తర్వాత పోయే పంట ఇది. కేంద్ర ఫసల్ బీమా పథకంలో కోసి చేనులోనే ఆరబెట్టిన పంటకు అకాల వర్షం, రాళ్లవాన వల్ల నష్టం జరిగితే 14 రోజుల వరకు రక్షణ ఉన్నది. 72 గంటల్లో తెలియజేయాలి. కానీ రాష్ట్రం 2020లోనే ఆ పథకం నుంచి తప్పుకున్నది. తిరిగి చేరాలన్న నిర్ణయం 2024 మార్చిలో గాని రాలేదు. కనుక 2023లో రైతుకు ప్రభుత్వ సాయం తప్ప మరో దారి లేకపోయింది.

వాన రాకడ ముందుగా తెలియలేదని అనడానికి లేదు. వాతావరణ కేంద్రం హెచ్చరించింది. తెలిసినా నిలబడిన మక్కను ఇంటికి తెచ్చుకోలేరు, కల్లం మీద కప్పడానికి పరదాలు కావాలి. కిరాయి పరదాలు నలుగురికి దొరికితే పదిమందికి దొరకవు. ప్రతి ఊరిలో సొసైటీ వద్ద కొన్ని పరదాలు ఉంచడం పరిహారం కంటే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఇక కౌలుదారు మాట. అతనిని కూడా ఆదుకోవాలని ఆనాడు ముఖ్యమంత్రే చెప్పారు. పాసుబుక్కు ఉన్నది పట్టాదారు పేరిట. కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చినా కార్డు చేతిలో ఉన్నవారు అరుదు. కౌలు మాట మీద నడిచే ఊళ్లలో, చేను ఎవరు దున్నారో రాసుకునేది పంట నమోదు వేళ ఒక్కసారే. ఆ వరుసలో పట్టాదారు పేరు ఒక్కటే ఉంటే, రాళ్లవాన పడిన తర్వాత కౌలుదారు ఎవరి గడప తొక్కినా చూపడానికి కాగితం ఉండదు.