కుక్కను ఇవ్వడానికి ఇంటిపేరు ఎందుకు? (గేటు బయట – 9)



పోయిన భాగంలో అద్దె ఇళ్ల గురించి రాస్తే చాలామంది తమ అనుభవాలు ఇన్‌బాక్స్‌లో పంపారు. ఈసారి కుక్క గురించి రాస్తున్నాను. "ఇన్ని సమస్యలుండగా కుక్క సంగతా అన్నా" అని నవ్వే తమ్ముళ్లు చివరిదాకా చదవండి.

కొన్ని నెలల కింద ఒక కుక్కను దత్తత తీసుకుందామనుకున్నాం. 10 నెలల మగ ఇండీ. చేపల మార్కెట్ దగ్గర కాలు విరిగి పడుంటే ఎవరో వైద్యం చేయించి, ఒక ఇంట్లో ఫాస్టర్‌కి పెట్టారు. సొంతంగా తీసుకునేవాళ్లు దొరికేదాకా దాన్ని సాకే ఇల్లు అది. "చాలా హుషారు కుక్క, ఆడించేవాళ్లు కావాలి" అని పోస్టర్ వేశారు. మా ఇంట్లో నేను, అమ్మ, డిగ్రీ చదివే అక్క కొడుకు. పార్సీగుట్టలో రెండు గదులు, పైన డాబా. ఆడించేవాళ్లకు కరువేముంది?

ఫారం నింపాను. తర్వాత ఫోన్ వచ్చింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, టీకాలు వేయిస్తారా అని అడిగారు, చెప్పాను. ఇంటిపేరు అడిగారు. చెప్పాను. "ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు?" అన్నారు. ఆ ప్రశ్నకు అర్థం మనందరికీ తెలుసు. అదీ చెప్పాను. ఇంట్లో నాన్‌వెజ్ వండుతారా, ఏం వండుతారు అన్నారు. పెద్దకూర కూడా వండుతామన్నాను. ఎందుకు దాచాలి? అవతల కాసేపు మాట లేదు. మర్నాడు మెసేజ్: కుక్క బాగా ఎనర్జిటిక్, మీ ఏరియా దానికి సేఫ్ కాదు, పెద్ద ఇల్లు, మంచి వాతావరణం ఉన్నవాళ్లకు ఇస్తాం.

మంచి వాతావరణం! చేపల మార్కెట్‌లో తలకాయలు తిని పెరిగిన కుక్కకు మా వీధి పనికిరాదట. ఆ తలకాయలు వేసి దాన్ని బతికించిన మనిషి ఇంటిపేరు అప్పుడెవరూ అడగలేదు.

ఒకటి స్పష్టంగా చెప్తాను. ప్రశ్నలు అడగడం తప్పు కాదు. అడగాలి. ఏడాది లోపు కుక్క అంటే ఎదిగే వయసు. చెప్పులు కొరుకుతుంది, గొలుసు గుంజుతుంది, పిలిస్తే రాదు. చిన్నపిల్లగా ముద్దొచ్చి తెచ్చుకున్నవాళ్లు సరిగ్గా ఈ వయసులోనే రోడ్డు మీద వదిలేస్తారు. అందుకని పొద్దునా సాయంత్రం ఎవరు తిప్పుతారు, ఇల్లుగలాయన ఒప్పుకున్నాడా, ఇల్లు మారితే ఏం చేస్తారు, రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తారు అని గుచ్చిగుచ్చి అడగండి. ఇంటికొచ్చి చూడండి. కానీ వీటిలో ఏ ప్రశ్నకు ఇంటిపేరు జవాబు చెప్తుంది? పెద్దకూర వండే ఇంట్లో టీకా పనిచేయదా?

పెద్ద ఇల్లు అనే మాట ఇంకో మోసం. హుషారు కుక్క చదరపు అడుగులు చూసి అలిసిపోదు. నడవాలి, వాసన చూడాలి, మనుషులతో ఆడాలి. తోటలో కట్టేసి వదిలేస్తే పెద్ద బంగ్లాలోనైనా దానికి పిచ్చెక్కుతుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో పొద్దున 6 గంటలకు కుక్కల్ని తిప్పేది ఎవరో ఒకసారి నిలబడి చూడండి. వాచ్‌మన్లు, పనివాళ్లు, మనవాళ్లు. గొలుసు పట్టుకునే చెయ్యి మనదైతే పర్వాలేదు. కుక్క మాత్రం మనది కాకూడదు.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుల, శ్వపచుల ఇళ్లు ఊరి బయట ఉండాలంటుంది. వాళ్ల ఆస్తి కుక్కలు, గాడిదలేనంటుంది. ఊరు మనకు రాసిచ్చిన ఆస్తి కుక్క. ఇవాళ దానికి టీకా వేసి, ఫోటో తీసి, పోస్టర్ వేశాక ఆ ఆస్తికీ మనం అర్హులం కాదట! నన్ను నేను కుక్కతో పోల్చుకుంటున్నానని ఎవరూ అనకండి. ఆ పోలిక రాసింది వాళ్లు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు. 1934లో రాజగృహలో తీసిన ఆయన కుటుంబ ఫోటో చూడండి, అందులో ఆయన పెంపుడు కుక్క కూడా ఉంటుంది. మనువును కాల్చారు, కుక్కను ఉంచుకున్నారు.

కుక్కకాటు బాధ తెలియక ఇదంతా రాయడం లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ని చంపాయి. తండ్రి వాచ్‌మన్. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే అక్కలకు, గేటు దగ్గర ఆడుకునే పిల్లలకు ఉన్న భయం కార్లలో తిరిగేవాళ్లకు ఉండదు. అందుకే అంటున్నాను. ఒక కుక్క ఇల్లు చేరితే వీధిలో ఒకటి తగ్గుతుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల కేసులో, దత్తత తీసుకోవచ్చు, తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాలి అని చెప్పింది. ఆ దారిని బస్తీలకు మూసేస్తే ఎవరికి లాభం? కుక్కకా, మనిషికా?

తర్వాత మాకు ఇంకో ఫాస్టర్ దొరికాడు. ఆటో నడిపే అన్న. ఇంటికొచ్చి డాబా పిట్టగోడ ఎత్తు చూశాడు, గేటు కింద సందు చూశాడు. "పిట్టగోడ మీద జాలీ కట్టియ్యి. గప్పుడే ఇస్త. మూడు నెలలు ఓపిక పట్టాలె, కొట్టద్దు" అన్నాడు. కట్టించాం. 9 నెలల ఆడకుక్క వచ్చింది. మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదు. మూడో వారానికి నా చెప్పులు రెండు జతలు, పిల్లాడి చార్జర్ అయిపోయాయి. ఉడికిన బొక్కలు వేయొద్దని అమ్మకు నచ్చజెప్పడానికి వారం పట్టింది. ఇప్పుడు పొద్దున అయిదున్నరకే నన్ను లేపి తలుపు దగ్గర నిలబడుతుంది. ఆ అన్న కూడా నన్ను చాలా ప్రశ్నలు అడిగాడు. ఇంటిపేరు అందులో లేదు.

రెస్క్యూ గ్రూపుల్లో పనిచేసే విద్యార్థులారా, మీ ఫారం తీసి చదవండి. ఇంటిపేరు, వంటింటి ప్రశ్న కొట్టేయండి. కాదన్నప్పుడు కారణం రాసివ్వండి. దత్తత క్యాంపులు పార్కుల్లోనే కాదు, మా బస్తీల్లోనూ పెట్టండి, టీకాలు అక్కడే వేయండి.

మనవాళ్లకూ ఒక మాట. రోజూ రెండు పూటలా తిప్పే ఓపిక ఉంటేనే హుషారు కుక్కను తెచ్చుకోండి. వాళ్ల మీద పంతానికి తేవద్దు. పంతం మనది, శిక్ష దానిది అవుతుంది.

వచ్చే భాగంలో లిఫ్టుల గురించి రాస్తాను. పనివాళ్లకు వేరే లిఫ్టు, కుక్కకు మాత్రం ఓనర్ల లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్ల సంగతి.

జై భీమ్.